సంతకం మీది కాదు, అమ్మగారిది

మీ అమ్మగారికి పిత్తాశయంలో రాళ్లకు రేపు ఆపరేషన్. ఆమెకు రాని ఇంగ్లీషులో ఉన్న కాగితం ఇచ్చి మిమ్మల్ని సంతకం పెట్టమన్నారు. పెడితే ఏదైనా జరిగినప్పుడు అడిగే హక్కు పోతుందా అన్నది కదా మీ భయం?

పోదండీ. సమ్మతి పత్రం ఆపరేషన్‌కు ఒప్పుకోవడమే తప్ప డాక్టరు నిర్లక్ష్యాన్ని మాఫీ చేయడం కాదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆమె స్పృహలో ఉన్నారు, విని అర్థం చేసుకోగలరు. అలాంటప్పుడు సంతకం ఆమెదే కావాలి, మీరు సాక్షి మాత్రమే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే పద్ధతి) ఒప్పుకున్న సమీరాకు, మత్తులో ఉండగా, తల్లి సమ్మతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు అలా చేయడం చెల్లదని కోర్టు చెప్పింది.

కాబట్టి ఈ సాయంత్రమే సర్జన్‌ను కలిసి, అమ్మగారి ఎదుటే తెలుగులో చెప్పమనండి. లాప్రోస్కోపీతో కుదరకపోతే పొట్ట కోసి చేస్తారా, ఆ మాట కాగితంలో ఉందా అని అడగండి. పైత్యరస నాళానికి గాయం కావడం అరుదే గానీ, అయితే మామూలు విషయం కాదు, మొహమాటపడకుండా అడగండి. మత్తు డాక్టరుకు ఆమె మందులన్నీ చెప్పండి, రక్తం పలుచబరిచేవి మరీ ముఖ్యం. ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం వద్దు.

అంతా విన్నాక “ఏం చేస్తారట అమ్మా?” అని ఆమెనే అడిగి చూడండి. “కడుపులో ఏదో తీస్తారట” అన్నారంటే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. సంతకమైన కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.