సమాధానం: ఒకటో బీట్ కోసం బేస్‌ని నమ్మకండి

టోక్యోలో 1984లో మొదలైన సల్సా (లాటిన్ నాట్య సంగీతం) బృందం ఓర్కెస్తా దె లా లూస్ పాటలకు చప్పట్లు వేస్తుంటే, నాలుగు బీట్ల లెక్కలో ఒకటో బీట్ తప్పిపోతోందని రాశారు. లోపం మీ చెవిలో లేదండీ. సల్సాలో బేస్, అంటే లోతైన స్వరాలు పలికే తీగవాద్యం, నాలుగో బీట్ మీద మోగి, తర్వాతి ఒకటిని కొట్టకుండా దాటేస్తుంది. ఆ నాలుగునే మీరు ఒకటి అనుకుంటున్నారు.

చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ము కాంగాని వినండి. రెండుకి పొడిగా ఒక చరుపు, నాలుగుకీ నాలుగున్నరకీ 'టుం-టుం' అని తెరిచిన జంట మోత. ఆ జంట తర్వాత వచ్చేదే ఒకటి.

ఇది పట్టుబడ్డాకే క్లావే, అంటే పాటంతా ఆధారపడే ఐదు దెబ్బల తాళం. ఎనిమిది బీట్ల లెక్కలో 2-3 సోన్ క్లావే (ముందు రెండు దెబ్బలు, తర్వాత మూడు వచ్చే రకం) 2, 3, 5, ఆరున్నర, 8 మీద పడుతుంది. ఆరున్నరని ఏడుకి జరిపేస్తే ఊపంతా పోతుంది, దాదాపు అందరూ జారేది అక్కడే. ముందు మెట్రోనోమ్ (బీట్‌ని టిక్‌టిక్‌మని లెక్కపెట్టే పరికరం) నిమిషానికి 90 బీట్లలో పెట్టి సాధన చేయండి. అది కుదిరితే, ఆ బృందం గాయని నోరా గొంతు ఎంత అందంగా క్లావే మీద వాలుతుందో మీకే వినిపిస్తుంది.