వాటర్‌షెడ్ ప్రణాళికల పనికి ఏ శిక్షణ మంచిది? జీఐఎస్ ఒక్కటి వస్తే చాలా?

మీరు అడిగినవి రెండు. అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ బీటెక్ అయింది, వాటర్‌షెడ్లలో, అంటే వాన నీరంతా ఒకే చోటికి పారే ప్రాంతాల్లో, నేల, నీటి సంరక్షణ ప్రణాళికలు తయారుచేసే పనిలోకి వెళ్లాలని ఉంది, శిక్షణ ఎక్కడ తీసుకోవాలి అన్నది మొదటిది. ఈలోగా జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో పటాలు గీసి లెక్కలు తీసే పద్ధతి, నేర్చుకుంటే సరిపోతుందా అన్నది రెండోది. రెండోదానికి జవాబు చిన్నది: సరిపోదు. మొదటిదానికి నా సొంత తప్పు ఒకటి చెబితే గానీ జవాబు అర్థం కాదు.

నేను 2010లో అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ అభివృద్ధి బృందంలో చేరాను. కేంద్ర ప్రభుత్వ 2008 ఉమ్మడి వాటర్‌షెడ్ మార్గదర్శకాల ప్రకారం బృందంలో కనీసం నలుగురు ఉండాలి, వారిలో కనీసం ఒక మహిళ ఉండాలి. ఆ ఒక్క మహిళను నేనే. అంతకుముందు హైదరాబాద్‌లో రెండు వారాల తరగతులు అయ్యాయి. నేల కోత సమీకరణం, భూమి సామర్థ్య తరగతులు ఒకటి నుంచి ఎనిమిది వరకు, గట్ల మధ్య దూరం, వరద ప్రవాహం లెక్క, అన్నీ నోటికి వచ్చేశాయి. ఒక రోజు బస్సులో తీసుకెళ్లి ఒక చెక్ డ్యాం చూపించి, భోజనం పెట్టి, వెనక్కి తీసుకొచ్చారు. క్షేత్ర పర్యటన అంటే అదే.

మొదటి ఏడాది గుట్ట కింద ఎర్ర నేలల్లో కందకాలు, గట్లు వేయించాం. వాలు రెండు శాతం. తరగతిలో చెప్పిన సూత్రం ప్రకారం ఒక గట్టుకూ తర్వాతి గట్టుకూ మధ్య మట్టం తేడా 0.8 మీటరు, అంటే నేల మీద 40 మీటర్లకొక గట్టు, హెక్టారుకు 250 మీటర్ల పని. లెక్క ముచ్చటగా వచ్చింది. ఒక పెద్ద గట్టు దగ్గర మిగులు నీరు పోవడానికి అలుగు పెట్టాలి. మ్యాపులో పైనుంచి నీరు వచ్చే విస్తీర్ణం కొలిస్తే ఆరు హెక్టార్లు తేలింది. ప్రవాహ గుణకం (వానలో పారిపోయే వంతు) 0.3, వాన తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుంటే సెకనుకు 0.3 ఘనపు మీటరు నీరు. ఒక అడుగు ఎత్తున పారడానికి మీటరు వెడల్పు అలుగు చాలు. మీటరే పెట్టాం.

పని జరుగుతుండగా ఆ చేని పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఇక్కడ ఒక వంక ఉండేది. మా నాయన దున్ని చేనులో కలిపేశాడు" అన్నాడు. నేను మ్యాపు విప్పి చూపించాను, వంక, అంటే చిన్న వాగు, ఏదీ లేదని. ఆయన మ్యాపు వైపు చూడలేదు. గట్టు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

సెప్టెంబరులో ఒక రాత్రి గట్టివాన కురిసింది. పొద్దున వెళ్లేసరికి గట్టు సరిగ్గా ఆయన చూపించిన చోటే తెగి ఉంది. కింద అర ఎకరం వేరుశనగ మీద జానెడు మందాన ఇసుక మేట వేసింది. కాయలు ఊరుతున్న సమయం అది. పెద్దాయన కోప్పడితే బాగుండేది. "గట్టుకు మట్టి ఎక్కడా వెతకనక్కర్లేదమ్మా, అంతా మా చేలోనే ఉంది" అన్నాడు.

ఆ రోజు గుట్ట పైదాకా ఆయన వెనకే నడిచాను. పైన ఇంకో రెండు చేల నీరు, ఒక బండి దారి పొడవునా పారే నీరు, అన్నీ ఆ దున్నేసిన వంకలోకే మళ్లుతున్నాయి. విస్తీర్ణం ఆరు హెక్టార్లు కాదు, ఇరవై. మళ్లీ అదే సూత్రంలో వేస్తే సెకనుకు ఒక ఘనపు మీటరు. అలుగు సుమారు మూడున్నర మీటర్లు ఉండాలి. సూత్రంలో తప్పు లేదు. అందులో వేసిన ఆరు అనే అంకె తప్పు. ఆ అంకె ఎలా తెచ్చుకోవాలో హైదరాబాద్‌లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే శిక్షణ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: మిగులు నీరు ఎటు పోతుందో మీ చేత నడిపించి, కొలిపించి చెప్పిస్తారా లేదా అన్నది. నీటిని ఆపే కట్టడాలు అందరూ నేర్పుతారు. ఆపలేని నీటికి దారి చూపడం నేర్పేవాళ్లు తక్కువ.

నాకు నేర్పింది ఆ తర్వాత మూడు నెలలు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థ. అక్కడ మొదటి రోజు కర్రలు మూడు ఇచ్చి, నేల మీద ఒకే మట్టంలో ఉన్న చోట్లు గుర్తించే ఏ-ఫ్రేము కట్టమన్నారు. మధ్యలో దారానికి రాయి వేలాడదీసి, కాళ్లు అటూ ఇటూ మార్చి పెట్టి, దారం రెండుసార్లు అడ్డకర్రను తాకిన చోట్ల మధ్యలో గుర్తు పెట్టడం. రెండో రోజు హైడ్రోమార్కర్. అంటే పారదర్శకమైన ట్యూబులో నీళ్లు నింపి రెండు స్కేలు కర్రలకు కట్టడం, అంతే. మా బృందం సగం రోజు కొలిచిన కాంటూరు (ఒకే మట్టం) గీత వంకర టింకరగా వచ్చింది. మా గురువుగారు ట్యూబును ఎండకు ఎత్తి పట్టి చూశారు. మధ్యలో శనగ గింజంత గాలి బుడగ. "ఈ బుడగ మీద మీరు గట్టు కట్టబోతున్నారు" అన్నారు. అప్పటి నుంచి నేను ట్యూబు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, రెండు మట్టాలూ కలిశాయో లేదో చూడకుండా అడుగు కదలను.

అక్కడే ప్రతి సర్వే నంబరులో నిలబడి, ఆ రైతు దంపతులిద్దరితోనూ మాట్లాడి చేను ప్రణాళిక రాయడం నేర్చుకున్నాను. భర్త గట్టు ఎక్కడ కావాలో చెబుతాడు. భార్య ఏ మూల నీరు నిలిస్తే కలుపు తీయడం కష్టమో, ఏ దారిన గడ్డి మోపు తెస్తుందో చెబుతుంది. ఆ దారికి అడ్డంగా గట్టు వేస్తే నెల తిరగకుండా అక్కడ గండి పడుతుంది, వానతో పని లేకుండా. చివరి వారం మా ప్రణాళికను రచ్చబండ దగ్గర ఊరివాళ్ల ముందు ముగ్గుపిండితో గీసి వివరించాలి. ఏ పరీక్షకూ నాకు అంత చెమట పట్టలేదు.

ఇక జీఐఎస్. నేర్చుకోండి, వద్దనను. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో ఎత్తుల సమాచారం దొరుకుతుంది, ఏ ఉపవంకలు ఏ పరీవాహక ప్రాంతంలోకి వస్తాయో గీయడానికి, ఉద్యోగానికి రెండింటికీ పనికొస్తుంది. కానీ దాని చూపు ఎంత దూరమో తెలుసుకోండి. భువన్ ఎత్తుల పటంలో ముప్పై మీటర్ల గడి మొత్తానికి ఒకటే అంకె. మన గట్లేమో నలభై మీటర్లకొకటి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటులో (నేల ఎత్తుపల్లాల పటంలో) కాంటూరు గీతల తేడా 20 మీటర్లు. రెండు శాతం వాలులో ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య కిలోమీటరు. ఆ కిలోమీటరులో పాతిక గట్లు వస్తాయి, ఒక్కటీ ఆ షీటు చెప్పదు. దున్నేసిన వంక అసలే కనపడదు. దానికి ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) పటం, పెద్దాయన, చెప్పులు కావాలి.

సంస్థల విషయం. మీరు ప్రభుత్వ శాఖలో చేరితే డెహ్రాడూన్‌లోని భారత మృత్తిక, జల సంరక్షణ సంస్థకు పంపే అవకాశం ఉంటుంది. 1974లో ఏర్పడిన సంస్థ అది. అధికారులకు నెలల తరబడి సాగే శిక్షణ ఇస్తారు. వాళ్ల బళ్లారి కేంద్రం మనకు పక్కనే, నల్లరేగడి నేలల గట్ల గురించి అక్కడ తెలుసుకోవలసింది చాలా ఉంది. హైదరాబాద్‌లో మేనేజ్ (వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ), జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, క్రీడా (మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ), వాలంతరి (నీరు, భూమి నిర్వహణ శిక్షణ సంస్థ) చిన్న కోర్సులు నడుపుతుంటాయి. మార్గదర్శకాలు, నిధులు, కాగితం పని అర్థం కావడానికి అవి మంచివి. ఇంటి నుంచే చదవాలంటే ఇగ్నో వారి వాటర్‌షెడ్ డిప్లొమా ఉంది. క్షేత్రంలో చేతులు మురికి చేసుకోవాలంటే మధ్యప్రదేశ్ దేవాస్ జిల్లా బాగ్లీలోని సమాజ్ ప్రగతి సహయోగ్, మహారాష్ట్రలోని వాటర్‌షెడ్ ఆర్గనైజేషన్ ట్రస్ట్ పేర్లు ముందు చెబుతాను. ఎక్కడైనా సరే, ఫోను చేసి శిక్షణ ఏ నెలలో అని అడగండి. మే నెలలో అయితే పారే నీరు చూడలేరు.

ఉద్యోగంలో ఒక ఇబ్బంది కూడా ఎదురవుతుంది, ముందే తెలియడం మంచిది. 2008 మార్గదర్శకాల్లో హెక్టారు ఖర్చు 12,000 రూపాయలు, అందులో సవివర ప్రణాళిక నివేదికకు ఒక శాతం, సంస్థాగత నిర్మాణానికీ శిక్షణకూ కలిపి ఐదు శాతం. అంటే హెక్టారును నడిచి, కొలిచి, నేల తవ్వి చూసి, రైతుతో మాట్లాడి రాయడానికి 120 రూపాయలు. అయిదు వేల హెక్టార్ల ప్రాజెక్టుకు మొత్తం ఆరు లక్షలు. 2021 తర్వాత కేంద్ర వాటర్‌షెడ్ పథకం రెండో దశలో మైదాన ప్రాంతాల ఖర్చు హెక్టారుకు 22,000 అయింది. ఆ 120 రూపాయలతో నివేదికలు ఎలా తయారయ్యేవో ఊహించుకోండి. ఒక నివేదికలో పక్క మండలం ఊరి పేరు అలాగే ఉండిపోవడం నేను కళ్లారా చూశాను, పైన సంతకాలన్నీ ఉన్నాయి. ఆ సంతకాల్లో మీదొకటి కాకుండా చూసుకోవడం మీ చేతిలో పని.

కోర్సు దొరికేలోగా ఒకటి చేయండి. మీ ఊరి దగ్గర చిన్న కుంట ఒకటి చూసుకోండి, పెద్ద చెరువు వద్దు, నేను పైన వాడిన ప్రవాహ సూత్రం దానికి సరిపోదు. టేపుతో అలుగు వెడల్పు, లోతు కొలవండి. పైన నీరు వచ్చే విస్తీర్ణాన్ని ముందు కంప్యూటర్‌లో గీయండి, తర్వాత వాన పడుతున్నప్పుడే గొడుగు వేసుకుని దాని అంచు వెంట నడవండి. రెండు విస్తీర్ణాలతోనూ ప్రవాహం లెక్క కట్టి, ఏ లెక్కకు అలుగు సరిపోతుందో చూడండి. రెండూ సరిపోకపోతే ఆ కుంట కింద సేద్యం చేసే పెద్దవాళ్లను ఎవరినైనా వెంటబెట్టుకుని మళ్లీ ఎక్కండి. లెక్కల కాగితం ఇక్కడ పెడితే నేను చూస్తాను.