పొందూరు పంచె: ఆన్‌లైన్‌లో తెప్పించాలా, శ్రీకాకుళం కొట్టులో కొనాలా?

నాన్నగారి షష్టిపూర్తికి శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసే ఖద్దరు పంచె కావాలి, ఆన్‌లైన్‌లో సగం ధరకే దొరుకుతుంటే శ్రీకాకుళం కొట్లలో అంత ఎందుకు చెబుతున్నారని అడిగారు. నేను శ్రీకాకుళం వాణ్ణే. కొట్టులోనే కొనండి.

ధర సగం అనగానే అనుమానించాలి. అసలైన పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు నూలు, అంటే చాలా సన్నని నూలు, వడికి, చేమగ్గం మీద నేస్తారు. ఇంత చేతిపని ఉన్న బట్ట మిల్లు పంచె ధరకు రాదు.

మా బావగారు బెంగళూరులో ఒక వెబ్‌సైటు ద్వారా ‘పొందూరు పంచె’ తెప్పించుకున్నారు. దాన్ని మేము ఎప్పుడూ కొనే కొట్టుకు తీసుకెళ్లాను. తన సరుకు కాకపోయినా కొట్టు నడిపే పెద్దాయన విసుక్కోలేదు. కొస నుంచి ఒక పోగు లాగి, వెలుతురుకు పట్టి చూపించారు. మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. తన బీరువాలోని పంచె నుంచి ఇంకో పోగు తీసి పక్కన పెట్టారు. అది అక్కడక్కడ కాస్త లావు, కాస్త సన్నం. చేత్తో వడికిన నూలు అలాగే ఉంటుందట. తర్వాత అగ్గిపుల్ల గీసి మొదటి పోగును కాల్చారు. నూలైతే మెత్తని బూడిద రాలాలి. ఇది నల్లగా, గట్టిగా ఉండకట్టింది. పాలిస్టర్ కలిపారన్నమాట! ఇలాంటి కొట్లు మూతపడితే ఈ విద్య ఎవరి దగ్గర నేర్చుకుంటామన్నదే నా బెంగ. అందుకే కొట్టులో బట్టలన్నీ విప్పించి చూసి, ఫోనులో ఇంకెక్కడో ఆర్డరు పెట్టేవారిని చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక్కడ దొరకని పుస్తకాలు, మిక్సీ విడిభాగాలు నేనూ ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తాను. ఖద్దరు కూడా అలాగే కొనక తప్పకపోతే ఖాదీ మార్క్, అంటే అసలైన ఖాదీ అని తెలిపే అధికారిక ముద్ర, ఉందో లేదో చూడండి. ఖాదీ పేరుతో అమ్మే బట్టకు అది ఉండాలని 2013లోనే నిబంధన వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే వెబ్‌సైటు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. బావగారు ఆ నిబంధన ఉటంకిస్తూ రాశాకే డబ్బు వెనక్కి వచ్చింది.

మీరు దూరాన ఉన్నా ఇబ్బంది లేదు. కొట్టుకు ఫోను చేసి, ఎన్ని మూరలు, ఏ అంచు కావాలో చెప్పండి. వీడియోలో బట్ట చూపించమనండి. మాకు తెలిసిన కొట్టువారు పోస్టులో పార్సిల్ కూడా పంపుతారు. కాకపోతే వేడుక దగ్గరపడేదాకా ఆగకండి. అడిగిన అంచు కొట్టులో లేకపోతే పొందూరు నుంచి తెప్పించడానికి వాళ్లకు కాస్త వ్యవధి కావాలి.