రాళ్లు పోయడానికి ఎంటెక్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఓడరేవులను అలల నుంచి కాపాడే బ్రేక్‌వాటర్ల డిజైన్ నేర్చుకుంటానని, ఓషన్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ చేస్తానని పట్టుబడుతున్నాడు. రాళ్లు పోయడానికి ఎంటెక్ ఎందుకు? ఏఐ కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరమంటున్నాం. రెండింటిలో ఏది మేలు? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పైకి పోలిక అడుగుతారు, లోపల ఉండేది పిల్లవాడు వెనకబడిపోతాడన్న భయం.

రాళ్లు పోయడం లారీల పని. ఎంత రాయి, ఏ వాలులో, ఎన్ని పొరలుగా అన్నది మీ అబ్బాయి నేర్చుకోవాలనుకుంటున్న చదువు. హడ్సన్ సూత్రం ప్రకారం అల ఎత్తు రెట్టింపైతే రాయి బరువు ఎనిమిది రెట్లు కావాలి. అంత రాయి క్వారీలో దొరకనప్పుడు కాంక్రీటు దిమ్మెలు పోతపోస్తారు. వాటితోనూ నిశ్చింత లేదు. పోర్చుగల్‌లోని సీనెష్ రేవులో 42 టన్నుల దిమ్మెలు పేర్చిన బ్రేక్‌వాటర్ 1978 ఫిబ్రవరి తుఫానుకు ఘోరంగా దెబ్బతింది. ఇసుక లెక్క వేరే ఉంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా ఉత్తరానికి కదులుతుంది. మద్రాసు రేవు గోడలు దానికి అడ్డుపడ్డాక దక్షిణాన మెరీనా బీచ్ పెరిగింది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైంది. సముద్రపు కోతతో నలుగుతున్న ఉప్పాడకు అంత దగ్గర్లో ఉంటూ మీరు ఈ చదువును తేలిగ్గా తీసేయడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఇక ఏఐ కోర్సు. ఇష్టంతో, గణితంలో పునాదితో వెళ్లేవారికి అది మంచి దారే. కానీ సివిల్ పిల్లలను కొన్ని నెలల సర్టిఫికెట్‌తో అందులోకి తోయడం మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అక్కడ నేర్పేది ఎక్కువగా ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాములను నడపడం. కొత్తవారికి ఇచ్చే ఆ చిన్న పనులనే ఇప్పుడు ఏఐ పరికరాలు ముందుగా లాక్కుంటున్నాయి. పైగా మీ ఉత్తరంలో మీరేమంటున్నారో ఉంది, ఆ కోర్సు గురించి అబ్బాయి ఏమన్నాడో లేదు. అడిగారా? బంధువుల పిల్లల ప్యాకేజీలు విని ఇంకొకరి జీవితం నిర్ణయించకండి.

జీతం మొదట్లో తక్కువే ఉండొచ్చు, ఉద్యోగాలూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఉండవు, సైట్లో ఎండ తప్పదు. అయితే రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవులన్నిటికీ బ్రేక్‌వాటర్లు కావలసిందే, కట్టినవాటికి మరమ్మతులూ తప్పవు. అలల నమూనాలకు ప్రోగ్రామింగ్ కావాలి కనుక కంప్యూటర్ చదువు దూరమైపోదు. కంగారు పడకండి.

మద్రాసు ఐఐటీ, సూరత్కల్ ఎన్‌ఐటీ చూడమనండి. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో నమూనా రేవులు కట్టి, వాటి మీదికి అలలు పంపి పరీక్షిస్తారు. ఈ వేసవిలో అక్కడ ఇంటర్న్‌షిప్‌కు అవకాశం ఉందేమో కనుక్కోనివ్వండి. అది చూశాక కూడా అతను ఇదే మాట మీదుంటే ఫీజు సంగతి ఆలోచించండి.