మత్తుమందు ఇస్తే అమ్మకు మతిమరుపు పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. వచ్చే నెల మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉంది. ఈమధ్య పేర్లు మర్చిపోతోంది. చెవి సరిగా వినపడదు, మిషన్ పెట్టుకుంటుంది. నిద్ర కోసం చాలాకాలంగా ఆల్ప్రాజోలమ్ వేసుకుంటోంది. మత్తు ఇస్తే మతి పోతుందని బంధువులు అంటున్నారు. వెన్నులో ఇప్పిస్తే మంచిదా?

జవాబు: మీ టెన్షన్‌కు కారణం లేకపోలేదు. 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 60 దాటి పెద్ద ఆపరేషన్ చేయించుకున్న 1,218 మందిని చూశారు. ఆపరేషన్ అయిన వారం తర్వాత సుమారు 26 శాతం మందిలో జ్ఞాపకశక్తి, చురుకుదనం తగ్గాయి. మూడు నెలలకు అలాంటివారు 10 శాతమే. అంటే చాలామంది తేరుకుంటారు.

వెన్నులో ఇచ్చే మత్తు మీద మరీ ఆశ పెట్టుకోకండి. తుంటి ఎముక విరిగిన వృద్ధులపై చేసిన పెద్ద పరిశోధనల్లో, ఆపరేషన్ తర్వాత వచ్చే అయోమయం, అంటే డెలీరియం, వెన్నులో ఇచ్చినా, పూర్తి మత్తు ఇచ్చినా దాదాపు ఒకేలా కనిపించింది. ఏది ఇవ్వాలో మత్తు డాక్టర్‌కే వదిలేయండి.

నాకు దిగులు ఆ నిద్రమాత్ర గురించే. పెద్దవాళ్లలో ఈ రకం మందులు అయోమయాన్ని పెంచుతాయి. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. జలుబు మాత్రలతో సహా ఆమె వాడే మందులన్నీ ఇప్పుడే డాక్టర్‌కు చూపించండి. మతిమరుపు సంగతీ దాచకుండా చెప్పండి. ముందే చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష చేయిస్తే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఆపరేషన్‌కు తీసుకెళ్లేటప్పుడు కళ్లద్దాలు, వినికిడి మిషన్ తీసేస్తారు. చాలాసార్లు అవి బ్యాగులోనే ఉండిపోతాయి. నేను చూసిన ఒక పెద్దాయన రాత్రంతా దుప్పటి లాగేస్తూ అరిచారు. పొద్దున కూతురు వచ్చి చెవికి మిషన్ పెట్టి, "నాన్నా, నేనే" అంది. సగం కంగారు అక్కడే తగ్గింది. అమ్మకు మెలకువ రాగానే అవి రెండూ పెట్టండి. ఈ రోజేమిటో, ఎక్కడ ఉందో మెల్లగా చెబుతుండండి. పగలు వెలుతురు ఉండాలి, రాత్రి నిద్ర చెడకూడదు. డాక్టర్ సరే అన్న వెంటనే లేపి నడిపించండి. నొప్పిని ఓర్చుకోమనకండి, నర్సుకు చెప్పండి. మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారో రోజూ అడగండి.

మొదటి మూడు రోజులు మరీ జాగ్రత్త. కేకలు వేస్తేనే అయోమయం అనుకోకండి. పలకరించినా పలక్కుండా మగతగా పడి ఉండటమూ అదే. "హాయిగా పడుకుంది" అని వదిలేయకుండా, "మా అమ్మ ఇలా ఉండదు" అని అప్పటికప్పుడే డాక్టర్‌కు చెప్పండి. అయోమయానికి కారణమయ్యే ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, మూత్రం నిలిచిపోవడం లాంటివి అప్పుడే బయటపడతాయి.