బుజ్జికి, ఆర్మ్ బోర్డు మీద డీసీఎంటీకే గురించి

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

స్కానింగ్ సెంటర్లో పాత డెస్క్‌టాప్ తీసేసి దాని జాగాలో రాస్ప్‌బెరీ పై అనే చిన్న ఆర్మ్ ప్రాసెసరు బోర్డు పెడతావట, స్కానింగు బొమ్మల ఫైళ్లని (డైకామ్) చదివి పంపే డీసీఎంటీకే సాఫ్ట్‌వేరుని దానికి నువ్వే కంపైల్ చేస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. కరెంటు వచ్చీ పోయే ఊళ్లో పది వాట్ల చుట్టూ తినే బోర్డు పెట్టాలన్న ఆలోచన మంచిదే. అయితే ఆ బోర్డులోంచి వెళ్లే సీడీ పట్టుకుని మనవాళ్లు బరంపురం ఎంకేసీజీకో, శ్రీకాకుళానికో, విశాఖ కేజీహెచ్‌కో పోతారు. అక్కడి డాక్టరు దాని మీద ఉన్న పేరునీ, లోపలున్న బొమ్మనీ నమ్ముతాడు. నా గుబులు అదే.

ముందు ఒక మొట్టికాయ. డెబియన్ లైనక్స్‌లో ఆర్మ్64కి, అంటే 64 బిట్ల ఆర్మ్‌కి, డీసీఎంటీకే కట్టిపెట్టిన ప్యాకేజీ ఉంది, ఒక్క ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో వచ్చేస్తుంది. కొత్త విడుదల కావాలనో, నీ ప్రోగ్రాములో స్టాటిక్‌గా కలపాలనో ఉంటేనే కంపైల్ జోలికి పో. సరదా కోసమైతే ఇంట్లో చేసుకో, సెంటర్లో వద్దు.

కంపైలే చేస్తానంటావా, సరే. విడుదల ట్యాగ్ పట్టి సోర్సు దించుకో. లాప్‌టాప్ మీద కూర్చుని బోర్డుకి కట్టడానికి, అంటే క్రాస్ కంపైల్‌కి, క్రాస్‌బిల్డ్-ఎసెన్షియల్-ఆర్మ్64 ప్యాకేజీ వెయ్యి. ఓపెన్ఎస్ఎస్ఎల్, జెడ్‌లిబ్, లిబ్‌పీఎన్‌జీ, లిబ్‌టిఫ్ లైబ్రరీలన్నీ ఆర్మ్64వే పెట్టు. నీ లాప్‌టాప్‌లో డెబియన్ బోర్డులో ఉన్నదానికంటే కొత్తదైతే, అక్కడికెళ్లాక జీలిబ్‌సీ (లైనక్స్ మూల సీ లైబ్రరీ) వెర్షన్ దొరకలేదని మొండికేస్తుంది. రెండు చోట్లా ఒకే విడుదల ఉంచు.

బోర్డు ఎన్ని బిట్లదో చూడ్డానికి యూనేమ్ కమాండుని నమ్మకు. కెర్నల్ 64 బిట్లది, మిగతా సిస్టమంతా 32 బిట్లది అయ్యుండే వీలుంది. అప్పుడూ యూనేమ్ ఏఆర్చ్64 అనే చెబుతుంది. ప్యాకేజీలు చూసే డీపీకేజీ కమాండుని ఆర్కిటెక్చర్ అడుగు. ఆర్మ్64 అంటే సరే. ఆర్మ్‌హెచ్ఎఫ్ (32 బిట్లది) అంటే నీ 64 బిట్ల ప్రోగ్రాము అక్కడ నడవదు. పైగా ఫైలు కళ్లెదుట ఉండగానే "అలాంటి ఫైలు లేదు" అంటుంది. లేనిది నీ ఫైలు కాదు, దాన్ని లోడ్ చెయ్యాల్సిన 64 బిట్ల లోడరు. ఇది తెలియక పాత్ సరిచూసుకుంటూ పూటలు పోగొట్టుకునేవాళ్లున్నారు.

పాత స్క్రిప్టులో పీసీ ప్రాసెసర్లకే చెందిన ఎస్ఎస్ఈ2 ఫ్లాగు మిగిలిపోతే ఆర్మ్ కంపైలరు అక్కడే ఆగి అరుస్తుంది. అరిస్తే బెంగ లేదు, తీసేస్తావు. అరవనిది ఒకటుంది. దాని గురించే ఈ ఉత్తరం.

బిల్డుని సిద్ధం చేసే సీమేక్ నడిచేటప్పుడు డీసీఎంటీకే చిన్న చిన్న పరీక్ష ప్రోగ్రాములు కంపైల్ చేసి, నడిపించి, వచ్చిన జవాబుల్ని ఓఎస్‌కాన్ఫిగ్, అరిత్ అనే హెడర్లలో రాసుకుంటుంది. ఈ మెషిన్లో చార్‌కి, అంటే ఒక్క బైటు పట్టే సంఖ్యకి, మైనస్ గుర్తు ఉందా లేదా, దశాంశ సంఖ్యలు ఎలా మసలుకుంటాయి, ఇలాంటివి. క్రాస్ కంపైల్‌లో ఆర్మ్ ప్రోగ్రాము నీ లాప్‌టాప్ మీద నడవదు కాబట్టి సీమేక్ ఆగిపోతుంది. ట్రై-రన్-రిజల్ట్స్ అనే ఫైలు రాసి, జవాబులు నువ్వే నింపమంటుంది. తొందరలో ఉన్నవాడు ఏం చేస్తాడు? పక్కనే ఉన్న ఎక్స్86 (మామూలు పీసీల ప్రాసెసరు) బిల్డులోంచి విలువలు తీసి అందులో పోసేస్తాడు. కంపైల్ అవుతుంది, లింక్ అవుతుంది, కనెక్షను చూసే ఎకో-ఎస్‌సీయూ పలుకుతుంది. అంతా బాగుందనుకుని ఇంటికెళ్తాడు. ఈ పనిలో అన్నిటికంటే పాత తప్పు ఇదే, తెలివైనవాళ్లు చేసేదీ ఇదే.

లైనక్స్‌లో ఎక్స్86 మీద చార్ అంటే మైనస్ 128 నుంచి 127 దాకా. ఆర్మ్ మీద 0 నుంచి 255. తొలినాటి ఆర్మ్‌లో బైటుని మైనస్ గుర్తుతో లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షనే లేదు. అందుకని గుర్తు లేని చార్‌ని ఎంచుకున్నారు, లైనక్స్‌లో ఆ అలవాటు ఇప్పటికీ నడుస్తోంది. నీ స్నేహితురాలి ఆపిల్ లాప్‌టాప్‌లోదీ ఆర్మే, అక్కడ బాగానే నడిచింది అనకు. ఆపిల్ వాళ్లు చార్‌కి గుర్తు ఉంచారు. అక్కడ నెగ్గితే రాస్ప్‌బెరీ పై మీద నెగ్గినట్టు కాదు.

దీనివల్ల మనకేమిటంటావా? మన రోగుల పేర్లు చూడు. డైకామ్ పాత అక్షర పట్టికల్లో తెలుగూ లేదు, ఒడియా లేదు. 0008,0005 ట్యాగులో ఐఎస్ఓ_ఐఆర్ 192, అంటే యూటీఎఫ్-8 పెడితేనే మన పేర్లు పడతాయి. "అ" ఒక్కటే మూడు బైట్లు: 224, 176, 133. ఎక్స్86 చార్‌లో ఇవే మైనస్ 32, మైనస్ 80, మైనస్ 123 అవుతాయి. ఒడియా అక్షరమూ 224తోనే మొదలవుతుంది. ఇప్పుడు "విలువ సున్నా కంటే తక్కువైతే ఇది ఇంగ్లీషు అక్షరం కాదు" అని ఎవరో ఎప్పుడో రాసిన లైను ఒకటుందనుకో. ఎక్స్86 మీద ఏళ్ల తరబడి సరిగ్గా పనిచేస్తుంది. ఆర్మ్ మీద ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు. పేరుని బైట్ల లెక్కన కోసేస్తుంది, అక్షరం మధ్యలో తెగుతుంది. మన వైపు సవర గిరిజనుల్లో చాలామందికి పేరు ముందు సవర అనే ఇంటిపేరుంటుంది, తెగ్గా మిగిలేది వాళ్లందరికీ అదొక్కటే. ఒకే పూట ఇద్దరు సవరలు ఎక్స్‌రేకి వస్తే ఎవరి ఛాతీ ఎవరిదో? అది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టదు తల్లీ.

డీసీఎంటీకే రాసిన జర్మనీ ఓల్డెన్‌బర్గ్‌లోని ఆఫిస్ (OFFIS) పరిశోధన సంస్థ వాళ్లు ఆరితేరినవాళ్లు, ఇలాంటి లైన్లు వాళ్లు రాయరు. నా అనుమానం దాని చుట్టూ నువ్వు అతికించే కోడు మీద, సెంటర్లో ఎవరో వదిలేసి పోయిన పాత కోడు మీద. ఎక్స్‌ట్రా వార్నింగులన్నీ పెట్టి కంపైల్ చెయ్యి. "ఈ పోలిక ఎప్పుడూ అబద్ధమే" అన్న వార్నింగు వస్తే అక్కడే కూర్చో. సైన్డ్-చార్ ఫ్లాగు పెట్టి దాటేయొచ్చు గాని, రేపు ఇంకొకడు ఆ ఫ్లాగు లేకుండా కడతాడు. లైనే సరిచెయ్యి.

మరి ఆ జవాబులు ఎలా తేవాలి? ఆర్మ్ ప్రోగ్రాముల్ని లాప్‌టాప్ మీద నడిపించే క్యూఎము యూజర్ ప్యాకేజీ వేసుకో. సీమేక్‌లో క్రాస్‌కంపైలింగ్ ఎమ్యులేటర్ అనే వేరియబుల్‌కి క్యూఎము-ఏఆర్చ్64 ఇచ్చి, మైనస్ ఎల్‌తో ఆర్మ్ లైబ్రరీలున్న డైరెక్టరీ చూపించు. పరీక్షలు దాని మీద నడిచి నిజమైన జవాబులు వస్తాయి. లేదంటే బోర్డు మీదే కంపైల్ చేసెయ్యి. ఐటీకే, వీటీకే లాంటి పెద్ద లైబ్రరీలంత బరువు కాదిది, 4 జీబీ బోర్డు మోస్తుంది. ఎలా చేసినా బిల్డ్ డైరెక్టరీ కొత్తది తెరువు, పాతదాన్లో కాషే ఎక్స్86 జవాబుల్నే మళ్లీ అందిస్తుంది. అయ్యాక రెండు మెషిన్ల ఓఎస్‌కాన్ఫిగ్ హెడర్లూ పక్కపక్కన పెట్టి చూడు. గుర్తు లేని చార్ అని చెప్పే లైను దగ్గరైనా తేడా ఉండి తీరాలి. అక్కడ కూడా ఒకేలా ఉన్నాయంటే ఎవరో కాపీ కొట్టారన్నమాట.

ఇంకో మౌనం ఉంది. పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే ఎక్స్86 ప్రోగ్రాముని పడగొడుతుంది. ఆర్మ్ చల్లగా సున్నా చేతిలో పెట్టి ముందుకు పోతుంది. ముందుభాగంలో వివరాలు చెడిన డైకామ్ ఫైలు ఆ డెస్క్‌టాప్ మీద క్రాష్ అయ్యేది, నీ బోర్డు మీద నల్ల బొమ్మై బయటికి రావచ్చు. భాగించే చోటల్లా ముందు సున్నా చూసుకో.

సరిచూడ్డం కంపైల్ కంటే పెద్ద పని, దానికి ఎక్కువ రోజులు పెట్టుకో. రకరకాల ఫైళ్లు పోగుచెయ్యి: 16 బిట్లలో 12 వాడే సీటీ, 0028,0103 ట్యాగులో 1 ఉన్నది (పిక్సెళ్లకి మైనస్ గుర్తు ఉందని), చాలా ఫ్రేముల అల్ట్రాసౌండు, నష్టం లేని జేపెగ్‌ది, తెలుగు పేరుది, ఒడియా పేరుది. అసలు రోగుల ఫైళ్లు ఇంటికి తేకు, పేర్లు నువ్వే అల్లి పెట్టు. రెండు మెషిన్ల మీదా డీసీఎంటీకేలోవే డీసీఎండీజేపెగ్‌తో విప్పి, డీసీఎండంప్‌తో పిక్సెళ్లు రా ఫైలుగా రాయించి ఎండీ5 పోల్చు. నష్టం లేని జేపెగ్‌లో ఒక్క బిట్టు తేడా వచ్చినా ఒప్పుకోకు. సీటీలో పిక్సెల్ విలువని హౌన్స్‌ఫీల్డ్ లెక్కలోకి మార్చే స్లోపు, ఇంటర్‌సెప్టు వేశాక నీరు 0 దగ్గర, గాలి మైనస్ 1000 దగ్గర ఉండాలి. విండో వేసిన (వెలుగునీడలు సర్దిన) బొమ్మలో ఎక్కడో ఒక మెట్టు తేడా కనిపిస్తే కంగారుపడకు. గుణకారం, కూడిక కలిపి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా చెయ్యడం ఆర్మ్ మీద జీసీసీ కంపైలరుకి అలవాటు. ఆ పని చేయించే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఫ్లాగుని ఆఫ్ చేసి మళ్లీ పోల్చు, అప్పటికీ పోకపోతే కంగారుపడు.

డైకామ్ ట్యాగుల డిక్షనరీ దొరకలేదని గొణిగితే డీసీఎండిక్ట్‌పాత్ వేరియబుల్ సరిచెయ్యి. వచ్చిన బొమ్మలు ఎస్‌డీ కార్డు మీద దాచకు, కరెంటు పోయినప్పుడు ముందు పోయేది అదే. యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ కొను, డబ్బులు నేను పంపుతాను, మీ నాన్నని అడగొద్దు. పాత డెస్క్‌టాప్ ఓ నెలైనా పక్కనే నడవనీ, వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. హెడర్ల తేడా నాకు పంపించు, నేనూ చూస్తాను. రాత్రుళ్లు బోర్డు ముందు కూర్చుని తిండి మానేస్తున్నావని కూడా మీ అమ్మే చెప్పింది. అది మాత్రం బాగులేదు.

ఇట్లు
నీ పెదనాన్న