పీపీఎల్ తర్వాత గంటలు పెంచుకోవడానికి చిన్న క్రాస్‌కంట్రీలు పనికొస్తాయా?

"మాది హన్మకొండ. పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చింది, సీపీఎల్‌కు (కమర్షియల్ లైసెన్స్‌కు) ఎగిరిన గంటలు కావాలి. చిన్న చిన్న క్రాస్‌కంట్రీలు (ఒక చోటి నుంచి ఇంకో చోటికి దారి పట్టుకొని ఎగరడాలు) తిరగాలా, దూరాలే వెళ్లాలా?" అని అడిగారు. చిన్నవే తిరగండి. నలభై యాభై నాటికల్ మైళ్ల లెగ్గులో (దారిలో ఒక ముక్కలో) రాని పని మూడు వందల మైళ్లలోనూ రాదు. సీపీఎల్ లెక్క మీకు తెలిసిందే: మొత్తం 200 గంటలు, అందులో పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మీదే అయ్యి) 100, కమాండ్‌లోనే క్రాస్‌కంట్రీ 20. ఆ 20 గంటల్లో ఒక ఫ్లైట్ 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, రెండు వేర్వేరు ఏరోడ్రోముల్లో ఫుల్‌స్టాప్ ల్యాండింగ్‌తో (దిగి పూర్తిగా ఆగడంతో) ఉండాలి. అది ఎలాగూ తప్పదు. మిగతా గంటల్లో ఏం చేస్తారన్నదే ప్రశ్న. ట్యాబ్‌లో గీత పట్టుకొని అదే దారిన పదిసార్లు పోయొస్తే లాగ్‌బుక్ నిండుతుంది, పని మాత్రం రాదు.

మన దిక్కు నేర్చుకోవడానికి భువనగిరి–కాజీపేట లెగ్గును మించింది లేదని నా గట్టి అభిప్రాయం. బేగంపేట నుంచి నేరుగా గీత గీయకండి. పక్కనే హకీంపేట, అటు దుండిగల్ వైమానిక దళ స్థావరాలు ఉన్నాయి కాబట్టి బయటపడే దారి ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చెప్పినట్టే ఉంటుంది. ఫ్లైట్ ప్లాన్ వేసి, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్), ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబర్లు చేతికొచ్చాకే ఇంజిన్ తిప్పండి. స్టాప్‌వాచ్ మాత్రం భువనగిరి గుట్ట మీద నొక్కండి. ఆ ఏకశిల దూరం నుంచే కనిపిస్తుంది, ఇంకో గుట్ట అనుకునే అవకాశం లేదు. అక్కడి నుంచి కాజీపేటకు ట్రాక్ (నేల మీద పోయే దిశ) సుమారు 052 డిగ్రీలు, దూరం 45 మైళ్లు. రైలు పట్టాలు ఆలేరు, జనగామ, ఘన్‌పూర్ మీదుగా దాదాపు అదే గీతలో పోతాయి. సరిగ్గా పట్టాల మీద ఎగరకండి, ఎడమ సీటు నుంచి కనిపించేలా కాస్త కుడికి జరగండి. మన దగ్గర మ్యాగ్నెటిక్ వేరియేషన్ (దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా) ఒక డిగ్రీ అటూ ఇటూ, కాబట్టి ట్రాక్ తప్పితే అది గాలి పనే.

జనగామ 20 మైళ్ల దగ్గర వస్తుంది. 90 నాట్ల (గంటకు 90 నాటికల్ మైళ్ల) ట్రూ ఎయిర్‌స్పీడ్‌తో, అంటే గాలిలో అసలు వేగంతో, గాలి లేకపోతే 13 నిమిషాల 20 సెకన్లు. 15 నిమిషాలు పట్టిందా, గ్రౌండ్‌స్పీడ్ (నేల మీది వేగం) 80. అంటే మిగిలిన 25 మైళ్లకు 17 కాదు, 19 నిమిషాలు. ఈ లెక్క మోకాలి మీది కాగితంపై అక్కడే వేసి, కాజీపేట ఈటీఏ (చేరే సమయం అంచనా) మార్చి రాయాలి. అదే చోట పట్టణం రెండు మైళ్లు పక్కకు పడితే వన్ ఇన్ సిక్స్‌టీ (60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ అనే లెక్క) ప్రకారం ట్రాక్ ఎర్రర్ 6 డిగ్రీలు, కాజీపేటకు చేర్చేందుకు ఇంకో 5, మొత్తం 11 డిగ్రీలు తిప్పాలి. చాలామంది 6 తిప్పి ఆగిపోతారు. అప్పుడు ట్రాక్‌కు సమాంతరంగా పోతారు తప్ప కాజీపేట చేరరు.

కింద ఒక ఊరు కనబడగానే మ్యాప్‌లో ఏ ఊరికి సరిపోతుందా అని వెతకడం కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటు. అలా వెతికితే ఆలేరు కూడా జనగామలాగే కనిపిస్తుంది. ముందు గడియారం చూడండి, ఆ సమయానికి మ్యాప్‌లో ఎక్కడుండాలో చూడండి, ఆ తర్వాతే నేల చూడండి. జనగామే అని ఖాయం చేసుకోవాలంటే పట్టాలతో పాటు సిద్దిపేట వైపు, సూర్యాపేట వైపు పోయే రోడ్లు కూడా కనబడాలి. కాజీపేటకైతే మూడు దిక్కులకు విడిపోయే లైన్లే గుర్తు.

చెరువుల్ని మాత్రం నమ్మొద్దు. మన జిల్లాల్లో ఊరికో చెరువు. మే నెలలో సగం ఎండిపోతాయి, ఆగస్టు దాటాక పక్కపక్కవి కలిసిపోతాయి. నీళ్ల ఆకారం కాదు, కట్ట గీత చూడండి. కరీంనగర్ దగ్గర లోయర్ మానేరు డ్యామ్ కట్ట ఏ కాలంలోనైనా పనికొచ్చే గుర్తు. కాజీపేట మీద డైవర్షన్ (దారి మధ్యలో మార్చి ఇంకో చోటికి పోవడం) సాధన చేయాలంటే అటే తిరగండి: ట్రాక్ 320 దగ్గర, 33 మైళ్లు, గాలి లేకపోతే 22 నిమిషాలు. పోయే దిశను బట్టి ఎత్తు ఉంటుంది కాబట్టి తిరగగానే ఎత్తు కూడా మారాలి. 052 మీద 5500 అడుగుల లెవెల్ సరే, 320 మీద 4500 గానీ 6500 గానీ. డైవర్షన్ హడావిడిలో ఎక్కువగా మరిచేది ఇదే. ఇంకా ఉత్తరానికి పోతే రామగుండం ఎన్‌టీపీసీ చిమ్నీల పొగ గాలి ఎటు వీస్తుందో చెప్పేస్తుంది.

బాధ ఏమిటంటే, ఇంత మంచి దారిలో దిగే చోటే లేదు. వరంగల్ దగ్గర నిజాం కాలపు మామునూరు రన్‌వే దశాబ్దాలుగా ఖాళీగా పడుంది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది గానీ, పనులు పూర్తయి లైసెన్స్ వచ్చేదాకా పైనుంచి చూసి రావడమే. రామగుండం దగ్గరి బసంత్‌నగర్ స్ట్రిప్పూ (చిన్న రన్‌వే) అంతే. ఈ రెంటిలో ఒక్కటి శిక్షణ విమానాలకు తెరిచి ఉన్నా ఉత్తర తెలంగాణ పిల్లలు ఇంత దూరం పోవాల్సిన పని ఉండేది కాదు. దిగకుండా తిరిగొచ్చిన ఫ్లైట్‌ను లాగ్‌బుక్‌లో ఎలా రాయాలో ఎగరకముందే మీ సీఎఫ్‌ఐని (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని) అడగండి.

అందుకే ఇంధనం విషయంలో గట్టిగా ఉండండి. ఈ దారిలో దిగి ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) పోయించుకునే చోటు లేదు. పగటి వీఎఫ్ఆర్‌కు (కంటికి కనిపించేదాన్ని బట్టి ఎగరడానికి) 30 నిమిషాల రిజర్వ్ చాలంటుంది రూలు, మీరు గంట ఉంచుకోండి. సెస్నా 152లో వాడుకోదగ్గది 93 లీటర్లు, గంటకు 23 లీటర్లనుకుంటే కాగితం మీద నాలుగు గంటలు. హోల్డింగ్ పాయింట్ (రన్‌వే ఎక్కే ముందు ఆగే చోటు) దగ్గర నిరీక్షణ, క్లైంబ్ తీసేస్తే మూడు గంటలకు మించి ప్లాన్ వేయకూడదు. పోయేటప్పుడు ఎదురుగాలి తిన్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగిరాదు: 90 మైళ్లు పోయి రావడానికి గాలి లేకుంటే 120 నిమిషాలు, 20 నాట్ల గాలి ఉంటే 126.

కాలం సంగతికొస్తే అక్టోబరు, నవంబరు మేలు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచుకు విజిబిలిటీ 5 కిలోమీటర్లకు తగ్గితే ఆగాల్సిందే. మేలో 40 డిగ్రీలకు, 1742 అడుగుల ఎత్తున్న బేగంపేటలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (వేడికి పల్చబడ్డ గాలిలో విమానానికి అనిపించే ఎత్తు) 5000 అడుగులు దాటుతుంది, క్లైంబ్ నీరసంగా ఉంటుంది. వానాకాలం తేమలో ఆర్‌పీఎం మెల్లగా పడితే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి పంపే నాబ్) పూర్తిగా లాగండి. కార్బ్యురేటర్‌లో పట్టిన ఐస్ కరిగేటప్పుడు ఇంజిన్ కాసేపు దడదడలాడుతుంది. భయపడి వెనక్కి తోయకండి.

దిగాక గేజ్ చూసి వెళ్లిపోకుండా, విమానం సమంగా నిలిచిన చోట డిప్‌స్టిక్ పెట్టి చూడండి. కాలిన లీటర్లను ఫ్లైట్ టైమ్‌తో భాగించి నావ్‌లాగ్ (ఆ ఫ్లైట్ లెక్కల కాగితం) చివర రాయండి. తర్వాతి ఫ్లైట్ ప్లాన్‌లో పుస్తకం అంకె బదులు ఆ విమానం అసలు అంకె వేయండి.